పెడళ్ళ మీద చెక్కముక్కలు

పాత కార్ల చరిత్ర తవ్వితీసే ఆమె, ఆ బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కిందనుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకుంది. కారు యజమాని కాగితం చాపాడు.

"ఇంజను, ఛాసిస్ నంబర్లన్నీ రికార్డుతో కలిశాయిగా. అప్పటి కార్ల పందెం గెలిచిన కారు ఇదేననీ, నడిపింది మా తాతయ్యేననీ రాసి సంతకం పెట్టండి."

"కారు ఇదే. నడిపింది ఆయన కాదు."

"రికార్డులో ఆయన పేరే ఉంది కదండీ."

"పేరు ఆయనదే ఇచ్చారు. కానీ కాళ్ళు అందడానికి పెడళ్ళకి చెక్కముక్కలు బిగించారు. పందెం ముందురోజు బిగించానని అప్పటి మెకానిక్ తన పుస్తకంలో రాసుకున్నాడు. మీ తాతగారు ఆరడుగుల మనిషి. మరి ఇంట్లో పొట్టివాళ్ళెవరు?"

"నాన్నమ్మ ఒక్కతే. ఆవిడకి స్టీరింగ్ పట్టుకోవడమే రాదు. మీరు రాయకపోతే ఇంకొకరు రాస్తారు."

"రాయించుకోండి. నా సంతకం మాత్రం ఆవిడ పేరు కిందే పడుతుంది."

అతను వంగి పెడళ్ళ వంక చూశాడు.

"తాతయ్య కారు నడుపుతుంటే, పక్కసీట్లో నాన్నమ్మ ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కినట్టు కాలు నేలకేసి నొక్కేది. 'నీకేం తెలుసు' అని ఆయన విసుక్కునేవాడు. ఇది మాత్రం రాయకండి."

"మొదటి వాక్యమే అది," అంటూ ఆమె పెన్ను మూత తీసింది.