తాళాలు అప్పజెప్పవలెను

కూసో వినీతా, ఆ కుర్చీ మీద గాదు, దాని కాలు వదులైంది, ఇటు స్టూలు మీద కూసో. కాయితం తెచ్చినవు గదా. నువ్వు చేతిసంచి తెరవకముందే నాకు తెల్సు. ఇటియ్యి. కండ్లద్దాలు ఏడబెట్టిన్నో... ఆ, నెత్తి మీదనే ఉన్నయి. "గౌరవనీయులైన సామేలు గారికి." బాగుంది, అక్షరాలు గుండ్రంగ రాస్తవు. మీ నాయిన జాన్‌ది కోడి గీకినట్టుండె. "మీ వయస్సును, ఆరోగ్యమును దృష్టిలో ఉంచుకొని, వచ్చే ఆదివారము నుండి తాళాలు కమిటీకి అప్పజెప్పవలెనని తీర్మానించడమైనది." ఊఁ. కింద నీ సంతకం. కొత్త సెక్రటరీవి నువ్వు, నీ డ్యూటీ నువ్వు చేసినవు, నిన్నేమనను. చర్చి మెట్ల మీద జారిపడ్డది నిజమే. ఒక్కసారి పడ్డ. నాచు పట్టింది, పడ్డ. పడి లేచినంక మల్ల మెట్లు కడిగినోడు ఎవడు? నేనే గదా? ఆ ముచ్చట కమిటీల ఎవరన్న చెప్పిన్రా? చెప్పరు. పొద్దుగాల సంది ఒకటే అనుకున్న, వినీత రానీ, నేనియ్య, నా పానం ఉన్నన్ని రోజులు తలుపు నేనే తీస్త అని మొఖమ్మీద చెప్త అని. కానీ ఇగో, ఈ ఒక్క మాట రాసినవు చూడు, తాళాలు అని. దీంతోనే నా నోరు మూత పడ్డది. సరిగ్గ ఈ మాటనే ఇరవై ఏండ్ల కింద నేను రాసిన. నా చేత్తోటి. యాకూబుకు.

నీకు యాకూబు యాదున్నడా? నువ్వు పెద్దబడి చదువుతుండంగ పోయిండు. బక్కగ, పొడుగ్గ, ఎప్పుడూ తెల్ల తువ్వాల భుజం మీద. వాళ్లది తాడ్వాయి దిక్కు, కూలి చేసుకునే మనుషులు. బాలలక్ష్మిని చేసుకొని ఈడికి, ఎల్లారెడ్డికి వచ్చి పడ్డడు. చర్చి సేవకుడు. ఇప్పుడు సేవకుడంటె ఏంది? కోటేసుకొని, ఫ్లెక్సీ మీద నిలువెత్తు ఫొటో, కింద 'దైవసేవకులు' అని ఇంత లావు అక్షరాలు. సేవకుడన్న మాటకే ముందటొక కారు, ఎనకొక కారు. యాకూబు సేవకుడంటె నీళ్లు నింపుడు, జంఖానాలు పరుచుడు, గంట కొట్టుడు. ఎవలకన్న జ్వరమొస్తె సైకిలేసుకొని పోయి ప్రార్థన చేసొచ్చుడు. కామారెడ్డి నుంచి పాస్టరయ్య పదిహేను రోజులకొకసారి వస్తుండె, మిగిలినన్ని రోజులు అన్నీ యాకూబే. సదువు నాకంటె తక్కువ. నేను ఏడో తరగతి పాసు, ఆయన బైబిలు మీద వేలు పెట్టుకుంట, అక్షరం అక్షరం కూడబలుక్కుంట నేర్చుకున్న సదువు. కానీ బిడ్డా, పాటకు తాళం కొట్టిండనుకో! ఇత్తడి తాళాలు, అరచేయంత ఉంటయి, నడుమ దారం. వాళ్ల నాయిన ఊళ్లె భజనల కొట్టినవంట. "సామేలన్నా, మా ఇంట్ల దేవుడు మారిండు గని తాళాలు మారలే" అని నవ్వుతుండె. ఆయన కొడుతుంటె పాట రానోడు సుత పాడుతుండె. ముసలోళ్లు కూసున్న కాడనే ఊగుతుండ్రి. నేనెన్నడు ఊగలే. చర్చిల ఊగుడేంది? నేను గట్లాంటోన్ని గాదు.

నేనెట్లాంటోన్నో నీకెరుకే. ఇరవై ఎనిమిదేండ్లు కామారెడ్డి–ఎల్లారెడ్డి బస్సు మీద కండక్టర్ని. ఒక్కనాడు ఆలస్యం పోలే, ఒక్క బీడీ తాగలే. చర్చికి సెక్రటరీని చేస్తె ఆడ సుత అదే పద్ధతి. తొమ్మిదిన్నర అంటె తొమ్మిదిన్నరే. నవ్వకు, మొన్న నీ ఫోను మోగితె నేను సూసిన సూపు యాదుందా? ఆ. ఇగ విను. ఆ ఏడు వానకాలం ఐదు రోజులు ఏకధాటిగ కొట్టింది. దుర్గవ్వ అని ఒకామె ఉండె, బీడీలు చేసుకొని బతుకుతది, మన చర్చి మనిషి గాదు, పోచమ్మకు బోనం చేసుకునే మనిషి. ఆమె ఇంటి ఎనక గోడ కూలింది. యాకూబు ఏం చేసిండు? ఎవల్నీ అడగలే. చర్చి తలుపు తీసి ఆమెను, ఆమె కోడల్ని, తునికాకు గంపను, పొగాకు చాటను అన్నిట్నీ లోపల పెట్టిండు. వాన తగ్గేదాంక మూడు రోజులు వాళ్లు ఆడనే కూసొని బీడీలు చుట్టుకున్నరు. ఆదివారం పొద్దుగాల నేను పోయి చూస్తె వాళ్లు ఎల్లిపోయిన్రు గని వాసన పోలే! పొగాకు వాసన! జంఖానా మీద ఆకు ముక్కలు. ఆనాడే పాస్టరయ్య వచ్చే వంతు. నాకు అరికాలు మంట నెత్తికెక్కింది. "యాకూబూ, ఇది దేవుని మందిరమా, బీడీల కార్ఖానానా?" అన్న. ఆయన తువ్వాలతోటి ఆకు ముక్కలు ఏరుకుంటనే, "అన్నా, ఆకు తడిస్తె ఆమెకు వారం కూలి పోతది" అన్నడు. గంతే. ఎదురు మాట గాదది, ఉన్న ముచ్చట చెప్పిండు. నాకు ఎదురు మాట లెక్క వినబడ్డది.

ఇంటికొచ్చి చేతిపుస్తకంల కాయితం చింపి రాసిన. ఇట్లనే, నీ లెక్కనే. "యాకూబుకు తెలియజేయునది ఏమనగా, వచ్చే ఆదివారము నుండి తాళాలు జాన్‌కు అప్పజెప్పవలెను. ఇట్లు, సెక్రటరీ." నేననుకున్నది చర్చి తలుపు తాళాలు. ఇష్టమొచ్చినోళ్లకు తలుపు తీస్తున్నవు గదా, తలుపు నీ చేతుల ఉండొద్దు అని. మీ నాయిన అప్పుడు పాతికేండ్ల పిలగాడు, కుదురైనోడు, ఆయన దగ్గరుంటె మంచిదని. ఇంకొక్క ముక్క, 'తలుపు' అని రాస్తె అయిపోవు. రాయలే. మన దగ్గర తలుపుకేసేదీ తాళమే, పాటకు కొట్టేదీ తాళమేనాయె. నా కోపంల నాకు తలుపే కనబడ్డది. యాకూబుకు ఏం కనబడ్డదో నేను అనుకోలే.

మల్ల ఆదివారం పోయిన. తలుపు తీసే ఉంది. యాకూబే తీసిండు. ఊడ్చిండు, జంఖానాలు పరిచిండు, బుంగ నింపిండు. మొలకు తాళాల గుత్తి యేలాడుతనే ఉంది. సూడు, ఎంత పొగరు, రాసిచ్చినా వినలే అనుకొని నేను మీదికి పోతున్న. అంతట్ల మీ నాయిన వచ్చిండు. యాకూబు గోడగూట్లకెళ్లి ఇత్తడి తాళాలు తీసిండు. తువ్వాలతోటి ఒకసారి తుడిచిండు. మల్లొకసారి తుడిచిండు. రెండు చేతులతోటి మీ నాయిన ముంగట పట్టి, "తమ్మీ, ఇయ్యాల్టి సంది ఇవి నీయి. సెక్రటరన్న రాసిండు" అన్నడు. మీ నాయిన నా దిక్కు చూసిండు. నేను... బిడ్డా, నాకు ఆ నిమిషమే సమజైంది. నిలబడ్డ కాడనే సమజైంది. "ఓరి పిచ్చోడా, అవి గాదు" అంటె అయిపోవు. అందరు నవ్వుతుండ్రి, నేనూ నవ్వుతుంటి. అనలే. ఎందుకనలే? పాస్టరయ్యకు తెలుస్తది, సెక్రటరీకి నాలుగు ముక్కలు సరిగ్గ రాయరాదని. అదొకటి. ఇంకోటి, లోపల ఒక బుద్ధి అన్నది, వీనికెట్లయిన శిక్ష వెయ్యాలనుకున్నవు, పడ్డది గదా, ఏదైతె ఏంది అని. చింపిచ్చిన టికెట్టు మల్ల బుక్కుల అతికిస్తమా అనుకొని పోయి ముందట కూసున్న. మీ నాయిన కొట్టిండు. ఏం చెప్పాలె! పాట ఒక దిక్కు, తాళం ఒక దిక్కు. కిరసనాయిలు డబ్బా కొట్టినట్టు. యాకూబు తలుపు కాడ గడప పక్కన కూసున్నడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నడు. చేతులు కదలలే. కాలి బొటనవేలొక్కటే తాళమేస్తున్నది.

గట్ల పదకొండేండ్లు. అవును, పదకొండు. ఒక్కనాడు నన్నెందుకని అడగలే. తలుపు తాళాలు అడగనీకి నాకు మొఖం లేకపాయె. అడిగితె తప్పు బయట పడతది గదా. అందుకే అవి ఆయన మొలకే ఉన్నయి. ఇంట్ల బాలలక్ష్మితోటి అన్నడంట, "నా తాళాల మోత ఎక్కువైనట్టుంది లక్ష్మీ, దేవుని పాట కంటె నేనే ముందుగాల వినబడుతున్న. సెక్రటరన్న నా గర్వం కనిపెట్టిండు" అని. ఆమె ఊకుంటదా? "గర్వమా? నీకా? ఒంటి మీద రెండో అంగీ లేదు, గర్వమట గర్వం! పోయి ఆ మేకకు ఆకేయి" అన్నదంట. ఇగ దుర్గవ్వ. ఆమె బీడీల కట్టలు పట్టుకొని కామారెడ్డికి నా బస్సే ఎక్కుతుండె. నిండు బస్సుల, అందరు వినంగ, "ఏం కండక్టరు సాబ్, నా పొగాకు వాసనకు మా యాకూబన్న చేతులు కట్టేసినవంట? మరి డ్రైవరు సాబ్ బీడీ తాగుతడు గదా, ఆయన చేతులు కడితె బస్సెవరు తోల్తరు?" అన్నది. బస్సు బస్సంత ఒకటే నవ్వుడు. డ్రైవరైతె స్టీరింగు మీద పడి నవ్విండు. నేను "టికెట్ టికెట్" అనుకుంట ముందటికి పోయిన.

నేను రిటైరైనప్పుడు చర్చిల దండేసిన్రు. పాస్టరయ్య లేచి, "మన సామేలు గారి చేతిరాతలో ఇన్నేండ్లలో ఒక్క తప్పు దొర్లలేదు, దేవునికి స్తోత్రం" అన్నడు. తలుపు కాడికెళ్లి అందరికంటె గట్టిగ "ఆమేన్" అని వినబడ్డది. ఎవరన్నరో చెప్పాల్నా? మెడల దండ బరువు ఆనాడు నాకెరుక. అప్పుడన్న చెప్పిన్నా? చెప్పలే. ఇంకా మూడేండ్లు చెప్పలే. నలుగురికి పద్ధతి నేర్పినోన్ని, మూడేండ్లు.

ఆఖరికి ఆయనకు ఊపిరితిత్తులు చెడిపోయినయి. కామారెడ్డి దవాఖానల చూపించి ఇంటికి తెచ్చిన్రు. అప్పటికి మీ నాయిన దుబాయి పోవుకుంట ఆ ఇత్తడి తాళాలు నాకు ఇచ్చిపోయిండె. అవి తువ్వాలల చుట్టుకొని పోయిన. మంచం మీద దిండుకు ఒరిగి కూసున్నడు. బాలలక్ష్మి చాయ్ పోసుకరానీకి లోపలికి పోయింది. నేను గడియారం సూసుకున్న. ఎందుకు సూసుకున్ననో నాకే తెల్వది. "యాకూబూ, ఆనాడు నేను రాసింది ఇవి గాదు. తలుపు తాళాలు" అన్న. ఆయన నా మొఖం సూసిండు. మొలకున్న గుత్తి సూసుకున్నడు. మల్ల నన్ను సూసిండు. ఇగ నవ్వుడు మొదలుపెట్టిండు బిడ్డా! నవ్వు, దగ్గు, దగ్గుల నవ్వు. బాలలక్ష్మి ఉరికొచ్చి, "ఏం చేసినవయా ఆయనను" అని నా మీదికొచ్చింది. ఊపిరి తీసుకొని ఏమన్నడో ఎరుకనా? "అయ్యో అన్నా! అంటె పదకొండేండ్లు నేను నీ మాట విననట్టే గదా?" అన్నడు. నేను ఆయనకు చేసింది ఆయన చెవికెక్కనే లేదు. ఆయన నాకు చేసిందే తప్పనుకుంటున్నడు. మొలతాడుకున్న గుత్తి ఇప్పనీకి చేతకాలే, వేళ్లు ఉబ్బినయి. బాలలక్ష్మిని ఇప్పమని, నా చేతుల పెట్టించి, "ఇగో, ఇప్పటికి పూర్తయింది" అన్నడు. నేను తువ్వాల మూట ముందట పెట్టి, "మరి ఇవి తీస్కో యాకూబూ, ఇవి నీయి" అన్న. తీసుకోలే. ఒక్కసారి వేలితోటి అంచు ముట్టిండు. "ఇవి జాన్‌కియ్యమన్నవు గదన్నా. రాసినోడివి నువ్వే మరిచిపోతె ఎట్ల?" అన్నడు. ఇరవై రోజులకు పోయిండు. దుర్గవ్వ చర్చి గడప బయటనే కూసొని ఏడ్చింది, లోపలికి రమ్మంటె రాలే, "నేనొస్తె మల్ల వాసనొస్తది" అన్నది. నా దిక్కు సూసే అన్నది.

ఆనాటి సంది ఈ గుత్తి నా మొలకే ఉంది. ఊడుస్తున్న, నీళ్లు నింపుతున్న, మెట్లు కడుగుతున్న. అందరు అనుకుంటున్నరు, సామేలు రిటైరైనంక ఎంత తగ్గించుకొని సేవ చేస్తుండు అని. తగ్గించుకునుడు గాదు బిడ్డా. ఇది లేకపోతె ఆదివారం పొద్దుగాల నేను ఆ తలుపు దాటలేను. అందుకే ఇయ్యననుకున్న. కానీ ఇయ్యనంటె, ఇరవై ఏండ్ల కింద నేను రాసిన ముక్కకు ఆయన విన్నడు, ఇయ్యాల నువ్వు రాసినదానికి నేను విననట్టయితది. ఎట్లయితది గట్ల?

పట్టు. పెద్దది ముందు తలుపుది, సన్నది అల్మారీది, తుప్పు పట్టింది ఎనక తలుపుది. ఆగు, లేవకు. ఆ గూట్ల ఎర్ర తువ్వాల మూట ఉంది, తియ్యి. విప్పు. నేను వారానికొకసారి చింతపండేసి తోముతా, అందుకే మెరుస్తున్నయి. మీ నాయినకియ్యాల్సినవి, నీకిస్తున్న. కాయితంల తాళాలనే రాసినవు, ఏ తాళాలో రాయలే. రెండూ తీస్కపో. ఒకసారి నేను తప్పు రాసిన, ఈసారి తప్పు చదవ. ఇటియ్యి పెన్ను, ముట్టినయని నేను సంతకం పెడ్త... ఆ, అవును, తీసుకునేది నువ్వు, నువ్వే పెట్టాలె. పెట్టు. కొట్టకు, ఇప్పుడు గాదు. ఆదివారం కొట్టు. లయ తప్పినా కొట్టు. నేను తలుపు కాడ, గడప పక్కన కూసుంట.

ఏంది గట్ల సూస్తవు? ఎనక తలుపు గడియ ఊకె తోస్తె పడదు, జర పైకి లేపి తొయ్యాలె, మరిచిపోకు. చక్కెర ఎంతెయ్యమంటవు చాయ్‌ల?