గంధం చేతులు

ల్యాబు మెట్ల మీద కూర్చున్న కుసుమకుమారికి ఆ పొద్దున ఫాయిజా మొహం చూడబుద్ధి కాలేదు. ఫాయిజాయేమో వెతుక్కుంటూ మరీ వచ్చింది.

“ఇక్కడున్నావా! ల్యాబంతా తిరిగొచ్చాను. కుసుమా, ఒక మాట...”

“నాను టీ తాగుతన్నాను.”

“గ్లాసు ఖాళీగా ఉంది కదే.”

“తాగీసాను. ఏటి నీ గొడవ?”

“ఎలకల గదిలో... పై అరలో తల్లి పిల్లల్ని తినీసింది. ఒక్కటీ మిగల్లేదు.”

“ఐతే నాకేటి సెప్తావ్? సార్‌కి సెప్పుకో.”

“సార్‌కి తర్వాత. ముందు నీకే చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీక...”

“నా మీదకి తెద్దామనా?”

“నీ మీదకేటే! జీన్ తీసీసాం కదా, అందుకే తల్లికి పిల్లలు అక్కర్లేకపోయారేమో అనుకున్నాను. కానీ కేజ్ మూత తీస్తే గంధం వాసన.”

“వస్తే?”

“నిన్న సింహాచలం వెళ్లొచ్చింది నువ్వే కదా. చేతులు కడుక్కోకండా, పొరపాటున...”

“పొరపాటేటి, పొరపాటు! పరాయి వాసనొస్తే తల్లి పిల్లల్ని తినీద్దని తెలిసే, కావాలనే ముట్టుకున్నాను. గ్లవుజులు లేకండా, ప్రసాదం గంధం రాసుకున్న చేతుల్తో, ఒక్కో పిల్లనీ పట్టుకుని మరీ.”

“కుసుమా! ఆగు, నా మాట విను...”

“నువ్వే విను! ఇద్దరిదీ ఒకటే జీను. మిగతా జీన్లని నడిపించే జీను, అది లేపోతే ఎలక ఏటౌద్దోనని ఇద్దరం సూస్తన్నాం. నీ ఎలకలు గంపెడు పిల్లల్ని పెడతన్నాయి. సార్ ఎవలొచ్చినా ‘మా ఫాయిజా, మా ఫాయిజా’. నాది ఇన్నాళ్లకి ఒక్కటంటే ఒక్కటి కడుపుతో ఉంది. అది ఈనితే నాకు పీహెచ్‌డీ, లేపోతే ఇంటికి, మా ఎలమంచిలికి రైలెక్కీడమే. మొన్న సార్ ఏటన్నాడో తెల్సా? ‘కాళీగా ఉన్నావు కదా, ఫాయిజా కేజ్‌లు కడిగీ’ అన్నాడు. కుళ్లుకోనా? కుళ్లిపోయాను!”

“నా మీద అంత ఏడుపా నీకు?”

“ఏడుపే! నిన్ను సూస్తే అన్నం సయించట్లేదు. రాత్రి ఎలకల గదిలో ఎర్రలైటు తప్ప ఏటీ నేదు. కేజ్ మీద పేరు కార్డు కూడా సూడకండా నేరుగా పైన నీ అరలోనే సెయ్యి పెట్టాను. ఎళ్లు, సార్‌కి సెప్పుకో.”

“చెప్పను.”

“జాలా? నాకొద్దు నీ జాలి.”

“జాలి కాదే... నిన్న నువ్వు కొండ మీదున్నప్పుడు, కింద నీ అరలోకి ఏసీ నీళ్లు కారీసాయి. అప్పటికే నీ ఎలక నొప్పులు పడతంది. తడిస్తే చచ్చిపోద్దని, నా కేజ్ దింపీసి దాన్ని పైన నా అరలో నేనే పెట్టాను.”