చెల్లెలి తుపాకికి హంగులు

“ఇంకా పెద్దది చూపించండి మావయ్యా.”

“ఇంతకన్నా పెద్దదంటే చంద్రుడి మీద గుంటలు చూసుకోవడానికే మౌరో.”

“అదే తీయండి. మా చెల్లెలికి బాగా కనపడాలి కదా!”

గ్రోస్సెతో పట్నానికి పైన, కొండ ఊళ్ళో సెత్తీమియో తుపాకుల కొట్టు. అక్టోబరు, శనివారం పొద్దున. అడవిపందుల వేట మొదలవడానికి ఎనిమిది రోజులుంది. బల్ల మీద కొత్త రైఫిల్, తనంతట తనే తూటా ఎక్కించుకునే రకం. బల్లకి అవతల సెత్తీమియో, ఇవతల మౌరో, అతని చెల్లెలు లొరియానా.

“అన్నయ్యా, ఈ స్కోపు నా మోచేయంత ఉందేంటి? తుపాకిని నేను మోయాలా, నన్నే అది మోస్తుందా?”

“బరువుకి భయపడేదానివి వేటకెందుకు లొరియానా?”

“నేనేమన్నా అన్నానా? నువ్వెలా అంటే అలాగే. నాకేం తెలుసు! మొన్న ఏప్రిల్లో లైసెన్సు పరీక్ష పాసయ్యాను, అంతే. నీకు ఇరవయ్యారేళ్ళ అనుభవం.”

“ఇరవయ్యేడు. పదిహేనో నంబరు మాటు దగ్గర ఇరవయ్యేడేళ్ళు నిలబడ్డాను. అక్కడికి గాలి తప్ప ఏదీ రాదు.”

“ఒకసారి ముళ్ళపంది వచ్చిందన్నావుగా?”

“నవ్వు, నవ్వు. నీకేం! ఏడో నంబరు నీదయ్యాక నవ్వక ఏం చేస్తావు?”

“నాదని ఎవరన్నారు?”

“మాంసం కొట్టు దగ్గర ఊరంతా అంటోంది. నాన్న మోకాళ్ళు పోయాయి, ఏడో నంబరు ఖాళీ అయింది, వేట పెద్ద ఒత్తావియోతో మాట్లాడి ఆ చోటు మన ఇంట్లోనే ఉంచుకున్నారు. అక్కడితో ఆగారా? పోయిన వారం నిన్ను వెంటబెట్టుకొచ్చి ఈ రైఫిల్ కొన్నారు. మన ఇంట్లో ఇలాంటిది ఇదే మొదటిది. కాదంటావా?”

“కొన్నారు. అయితే?”

“అయితే ఏమీ లేదు. సంతోషం. నేను సంతోషంగా లేనా? మావయ్యా, నేను సంతోషంగా లేనా?”

“నన్నడక్కు మౌరో. నాకు స్కోపులు అమ్మడమే తెలుసు. అది కూడా నువ్వు చేయనివ్వట్లేదు.”

“అదేంటి? పెద్దది అమ్మండి అంటున్నాగా.”

“ఏడో నంబరు దగ్గర పొదలు ఎంత దట్టంగా ఉంటాయో నీకు నేను చెప్పాలా? పంది వాగులోకి దూకేది పదిహేను అడుగుల్లో. కనపడేది రెప్పపాటు. ఈ పొడుగు స్కోపులోంచి చూస్తే దాని వీపు మీద నాలుగు వెంట్రుకలు కనపడతాయి, అంతే. అవి పందివో, ఒత్తావియో మీసాలో కూడా తెలీదు.”

“అవునా అన్నయ్యా?”

“ఈయన ఎప్పటి మనిషి లొరియానా! లోకం మారింది. దగ్గరగా కనపడితే గురి బాగా కుదురుతుంది, ఆ మాత్రం తెలీదా?”

“ఇది చూడమ్మాయ్. ఈ చిన్న అద్దం. లోపల ఎర్ర చుక్క ఉంది చూశావా? రెండు కళ్ళూ తెరిచే ఉంచి, చుక్కని పంది మీద పెట్టి, నొక్కడమే. ఆ వాగు దగ్గర ఇంతకన్నా మంచిది లేదు. ఎవరినైనా అడుగు.”

“భలేగా ఉంది! అన్నయ్యా, నీకోసమైతే ఏది పెట్టించుకుంటావు? ఇదేనా, పెద్దదా?”

“నాకోసం ఎవరు కొంటున్నారు ఇప్పుడు?”

“ఊరికే అడిగాను. నీకోసమైతే?”

“నాకోసమైనా పెద్దదే. చుక్కలూ బొట్లూ నాకెందుకు?”

“సరే మావయ్యా, పెద్దదే పెట్టండి.”

“మౌరో...”

“విన్నారుగా. పెద్దదే. ఇంకా ఆ రెండు కాళ్ళ స్టాండు కూడా. అదిగో, గొట్టం కింద మడతపెట్టేది.”

“అది పడుకుని కాల్చేవాళ్ళకి! ఏడో నంబరు దగ్గర పడుకుంటే మెడ దాకా వాగు నీళ్ళు.”

“చేతులు వణకకుండా ఉంటాయి. మొదటిసారి కదా, వణుకుతాయి.”

“నా చేతులేం వణకవు అన్నయ్యా. నువ్వే పొద్దున్నించీ అందరి మీదా కసురుతున్నావు. టిఫిను తినలేదా?”

“తిన్నాను.”

“వదిన తినలేదంది.”

“మీ వదినకి వేరే పని లేదా? స్టాండు బిగించండి మావయ్యా. ఇంకా తుపాకిని భుజానికి వేసుకునే పట్టీ.”

“తోలు పట్టీ ఇస్తా. మెత్తగా ఉంటుంది, చప్పుడు చేయదు.”

“అది కాదు, ఆ ఇత్తడి కొక్కేలది. అందంగా ఉంది.”

“అది గోడకి తగిలించుకునే తుపాకికి. నడిస్తే గలగలమంటుంది. ఏడో నంబరు పందులే కాదు, పక్క ఊరి పందులు కూడా పారిపోతాయి.”

“ఆడపిల్ల, కాస్త అందంగా ఉండనివ్వండి.”

“అన్నయ్యా, నేను అందం అడిగానా?”

“అడక్కపోయినా నేను చూడాలిగా? అన్నగారిని.”

“సరే. నీకు నచ్చితే నాకూ నచ్చినట్టే. ఒకసారి భుజానికి ఆనించి చూస్తా. అబ్బ, భుజానికి ఆనే ఈ చెక్క నాకు పొడుగ్గా ఉంది. చెయ్యి అందట్లేదు.”

“మీ నాన్న ఇచ్చిన కొలతమ్మా. అలాగే చేయించాను.”

“ఉండనీ లొరియానా. అలవాటవుతుంది.”

“అలాగే. చెవులకి? ఈ దూదివి చవగ్గా ఉన్నాయి, చెవుల్లో కుక్కుకుంటే సరి.”

“వద్దు.”

“ఎందుకు? బాగానే...”

“వద్దన్నానా! అవి పెట్టుకుంటే ఏమీ వినపడదు. కుక్కలు ఎటు తరుముతున్నాయో వినపడాలి. ఒత్తావియో కొమ్ము ఊది ‘ఆపండి’ అంటే వినపడాలి. లేకపోతే మనిషి అడ్డం వచ్చినా తెలీదు. మావయ్యా, బ్యాటరీవి తీయండి, తుపాకి మోత ఆపి మాటల్ని వినిపించేవి. మంచివి. అన్నిట్లోకీ మంచివి.”

“ఇదిగో. ఇవి బాగుంటాయి.”

“జాకెట్టు కూడా. నారింజ రంగుది. మెరిసిపోవాలి, కొండ అవతల నించి చూసినా మనిషని తెలియాలి.”

“నాకు ఈ గోధుమరంగుది ముద్దొస్తోంది అన్నయ్యా.”

“గోధుమరంగుదా? పొదల్లో పందిలా కనపడతావు, పిచ్చిదానా! ఆ బెప్పే సగం గుడ్డివాడు, ఆరో నంబరు దగ్గర నిలబడతాడు. ముద్దొస్తోందట! నారింజ రంగుది వేసుకో. మారు మాట్లాడకు.”

“సరే సరే. అరవకు. ఫోను మోగుతోంది... నాన్నే. ఎదురుగా బార్లో కూచున్నారు. చెప్పండి నాన్నా... ఆఁ, అవుతోంది... లేదు, లేదు, నేనేం చెప్పలేదు... వినపడట్లేదు, ఉండండి, బయటికొస్తా.”

లొరియానా బయటికి వెళ్ళి తలుపు వేసింది. సెత్తీమియో చేతిలో మరలు తిప్పే పుల్ల అలాగే ఉంది.

“ఏం చేస్తున్నావురా నువ్వు?”

“చెల్లెలికి సాయం చేస్తున్నా.”

“నా మొహం చూసి చెప్పు.”

“మీ మొహంలో ఏముంది చూడ్డానికి? బిగించండి మావయ్యా.”

“చెవులకి మంచివి ఇప్పించావు. జాకెట్టు దగ్గర ఆ అరుపు విన్నాక, వీడు పైకే ఇలా, లోపల మంచివాడే అనుకున్నాను. మరి ఈ స్కోపేంటి? ఈ గలగలల పట్టీ ఏంటి? ఆ పిల్లకి ఒక్క పంది కూడా దొరకదు వీటితో.”

“నేను దానికి దెబ్బ తగలాలనుకుంటున్నానా? అది నా చెల్లెలు. గురి తప్పితే చాలు.”

“ఓహో!”

“నాలుగుసార్లు. నాలుగు పందులు దాని ముందునించే వాగు దాటిపోవాలి. మొదటి రోజు నాన్న కూడా వస్తారట, పక్కన కుర్చీ వేసుకుని కూచుంటారట. కూచోనీ. చూడనీ. అప్పుడైనా మౌరో అని ఒకడున్నాడని గుర్తొస్తుందేమో.”

“ఇది కుళ్ళు కాదూ?”

“కుళ్ళే మావయ్యా. ఏం, పేరు మార్చి చెప్పమంటారా? నెల రోజుల్నించి తిన్నది ఒంటికి పట్టట్లేదు. అది లైసెన్సు పాసైన రోజు నాన్న బార్లో అందరికీ వైను పోయించారు. నేను నా మొదటి పందిని కొట్టిన రోజు ఏమన్నారో తెలుసా? ‘ఆలివ్ కాయలు ఇంకా మిగిలాయి, త్వరగా రా’ అన్నారు. అంతే. పంది వైపు చూడను కూడా లేదు.”

“మీ నాన్నకి మాటలు రావురా. పెళ్ళి రోజు మీ అమ్మతో కూడా ‘కుర్చీలు సరిపోయాయా’ అన్నాడు.”

“లొరియానాతో వస్తాయి. దానితో నవ్వుతారు. దాని కుక్కలతో కూడా మాట్లాడతారు! నాతో మాత్రం ట్రాక్టరు గురించి, వాన గురించి. ఇరవయ్యేడేళ్ళు ఆ పదిహేనో నంబరు దగ్గర నిలబడి, వాగు వైపు నాన్న తుపాకి మోత వింటూ గడిపాను. ఎప్పటికైనా ఆ చోటు నాదవుతుందని. నాకు ఇంకేం అక్కర్లేదు. పొలం దానికే ఇచ్చినా అడగను. ఆ ఏడో నంబరు ఒక్కటే అడిగాను.”

“అడిగావా? నోరు తెరిచి అడిగావా?”

“అలాంటివి అడుగుతారా ఎవరైనా?”

“తండ్రీ కొడుకులు ఇద్దరూ ఇద్దరే.”

“ఏమన్నారు?”

“ఏం లేదు. మౌరో, విను. ఇంకా మరలు గట్టిగా బిగించలేదు. నేను కొన్ని మాట్లాడకూడదు, మాటిచ్చాను. కానీ నువ్వు నా చేతుల్లో పెరిగినవాడివి. అడుగుతున్నా. ఈ స్కోపు తీసేసి ఆ ఎర్ర చుక్కది పెడదామా? ఆ స్టాండు తీసేద్దామా?”

“ఎవరికిచ్చారు మాట?”

“అది వదిలెయ్. తీసేద్దామా?”

మౌరో కిటికీలోంచి ఎదురుగా ఉన్న బారు వైపు చూశాడు.

“ఒక్క నిమిషం పని. ఆ పిల్ల అడగదు కూడా.”

“మావయ్యా, మీకు తోడబుట్టినవాళ్ళున్నారా?”

“లేరు.”

“అయితే మీకు తెలీదు. బిగించండి. గట్టిగా.”

“ఇదే నీ మాటా?”

“ఇదే.”

“సరే నాయనా. నీ ఇష్టం. ఇదిగో, ఇంకెప్పటికీ కదలదు.”

తలుపు తెరుచుకుంది.

“అయిందా? నాన్న మూడో కాఫీ తాగుతున్నారు. ఇక ఆయన గుండె నిలబడదు, త్వరగా కానివ్వండి. అబ్బో అన్నయ్యా, ఏం హంగులు! పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశావు దీన్ని.”

“బాగుందా?”

“నాకేం తెలుసు? నీకు బాగుందా? అది చెప్పు.”

“బాగుంది.”

“నిజంగా?”

“ఎన్నిసార్లు చెప్పాలి? బాగుంది. అద్దంలా ఉంది. వచ్చే ఆదివారం నువ్వు ఏడో నంబరు దగ్గర దీన్ని పట్టుకుని నిలబడితే, పందులన్నీ వచ్చి నీ కాళ్ళ మీద పడతాయి. చాలా?”

“చాలు. మావయ్యా, కాగితాలు రాసేయండి మరి.”

“రాస్తున్నా. లైసెన్సు ఇటివ్వు.”

“ఇవ్వు లొరియానా. మావయ్య అడుగుతున్నారు.”

“ఆ అమ్మాయిది కాదు మౌరో. నీది.”

“నాదెందుకు?”

“రైఫిల్ నీ పేరు మీద రాయాలి కాబట్టి.”

“నా పేరు మీదా? లొరియానా, ఏంటిది?”

“ఇంకేంటి, ఇది నీ తుపాకి! అబ్బ, వారం రోజుల్నించి నోరు కుట్టేసుకున్నాను, ఇవాళ విప్పుతున్నా. నాన్న నీకోసమే కొన్నారు. నీకిస్తానంటే ‘డబ్బు దండగ, నాకు తాత తుపాకి చాలు’ అంటావని భయం ఆయనకి. అందుకే ‘నీదని చెప్పి వాడిని తీసుకెళ్ళు, హంగులన్నీ వాడి చేతే ఏరించు, వాడికి నచ్చినవే పెట్టించు’ అన్నారు. ఏడో నంబరు కూడా నీదే. ఒత్తావియో ఎప్పుడో రాసేశాడు.”

“నాదా?”

“నాకెందుకది? నేను కుక్కలతో పోతా. కుక్కల వెనక పోవాలన్నా లైసెన్సు కావాలి, అందుకే పరీక్ష రాశాను. ఒక్కచోట రాయిలా నిలబడడం నావల్ల అవుతుందా? మొదటి రోజు నాన్న కుర్చీ వేసుకుని కూచునేది నీ పక్కన. ఆ సంబరంలో నిన్నంతా ఆ కుర్చీకి కొత్త నవారు అల్లుకున్నారు. ఏంటన్నయ్యా? ఏమైంది? తెల్లబోయావేంటి?”

“మావయ్యా, విప్పండి.”

“ఇప్పుడా?”

“స్కోపు, స్టాండు, పట్టీ, అన్నీ. త్వరగా. నాన్న వచ్చేలోగా.”

“గట్టిగా బిగించమన్నావుగా మౌరో. కాసేపు పడుతుంది.”

“ఎందుకు విప్పడం? అన్నయ్యా, ఇంతసేపూ బాగుందన్నావు కదా! పెద్ద స్కోపు లేకపోతే గురి కుదరదన్నావు. మావయ్య ఎంత చెప్పినా వినలేదు. నాకోసమైతే బాగున్నవి, నీకోసమనేసరికి... ఓ!”

“లొరియానా.”

“ఓ.”

“లొరియానా, నా మాట విను. నేను...”

“అర్థమైంది. చెప్పకు. చెప్తే ఇంకా అసహ్యంగా ఉంటుంది.”

“అమ్మాయ్, మీ నాన్న రోడ్డు దాటుతున్నాడు.”

“మావయ్యా, త్వరగా! ఆ మర ముందు తీయండి. చెల్లీ, నీకు దండం పెడతా, నాన్నకి మాత్రం...”

తలుపు తోసుకుని తండ్రి లోపలికొచ్చాడు.

“ఏరా మౌరో, చెప్పిందా మీ చెల్లెలు? ఏదీ, ఇటు తిప్పు, చూడనీ. ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ వాగు దగ్గర నిలబడ్డాను, ఇలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండేదో అని... ఇదేంటి? ఈ దూలం ఏంటి దీని మీద? స్టాండా! గలగలల పట్టీయా! ఏడో నంబరు దగ్గరికి ఇవన్నీనా? పందికి ముందే కబురు పంపినట్టు! ఎవడు పెట్టించాడ్రా ఇవన్నీ?”

“నాన్నా, అది... నేను...”

“నేనే నాన్నా. అన్నీ నేనే పెట్టించాను. అన్నయ్య మొదట్నించీ వద్దంటూనే ఉన్నాడు.”