డాక్టరుగారి కుర్చీ

చివరి పేషెంటు వెళ్లిపోయాడు. డాక్టర్ల పని దగ్గరుండి చూడమని బడివాళ్లు నెల రోజులకి పంపిన పదో తరగతి అమ్మాయి, నోట్‌బుక్ గుండెకి హత్తుకుని తల వంచుకు నిలబడింది.

“పొద్దున నా కుర్చీ పేషెంటు వైపుకి ఎవరు జరిపారమ్మా?”

“నేనే సార్. బల్ల తుడుస్తూ జరిపి మర్చిపోయాను.”

“పాపం, పోస్టుమాన్ తాతకి ఉత్త దగ్గే. ఆ కుర్చీ చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు.”

“కుర్చీ చూస్తే భయమెందుకు సార్?”

“నువ్వొచ్చి మూడు వారాలైంది. నేను లేచి, కుర్చీ జరుపుకుని పేషెంటు పక్కన ఎన్నిసార్లు కూర్చున్నాను?”

అమ్మాయి నోట్‌బుక్ తిరగేసింది.

“రెండుసార్లు. టైలరమ్మకి, బేకరీ ఆయనకి.” ఆమె గొంతు తగ్గింది. “ఇద్దరికీ చెడ్డ కబురే.”

“అలాంటి మాట బల్లకి అవతల కూర్చుని చెప్పడం నావల్ల కాదు. ఇరవై ఏళ్ల అలవాటు. ఊరందరికీ తెలిసిపోయింది.”

“ఇంకెప్పుడూ దాని జోలికి పోను సార్.”

“సర్లే. కూర్చో.”

“ఇంటికెళ్లాలి సార్, అమ్మ ఎదురుచూస్తుంటుంది. అవునూ, అమ్మ స్కాన్ రిపోర్టు ఇవాళొస్తుందన్నారుగా?”

“వచ్చింది. మధ్యాహ్నం నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు మీ అమ్మ వచ్చి వెళ్లింది. నీకు నన్నే చెప్పమంది.”

“ఏముంది సార్ అందులో?”

డాక్టరుగారు లేచి, రెండు చేతులతో కుర్చీ పట్టుకున్నారు.

“వద్దు సార్,” అంది అమ్మాయి. “అక్కడే కూర్చోండి. అక్కణ్ణుంచే చెప్పండి.”