పొట్టి రాక్షసుల దేవుడు

తమ్ముడు పోయి తొమ్మిది రోజులైంది. వాడి గదిలో, వాడి ఆట సామాను ఉన్న అట్టపెట్టె ముందు అక్క కూర్చుని ఉంది. ప్రతి ఆదివారం వాడితో పాచికలేసి కథల ఆట ఆడిన స్నేహితుడు ఆ పాచికలు తీసుకెళ్దామని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఈ నోటుపుస్తకం నీదా?”

“వాడిదే అక్కా. కథ నడిపేది వాడే. మేం వీరులం. రాక్షసుల్ని చంపుకుంటూ పోవడమే మా పని.”

“మరి ఇందులో అన్నీ ప్రార్థనలున్నాయేంటి?”

“ఒక్కో రాక్షస జాతికి ఒక్కో దేవుణ్ణి పెట్టాడు. మేం ఎవణ్ణి చంపితే వాడి దేవుడి ప్రార్థన మేమే చదవాలి. చదివాకే పాచికలు చేతికిచ్చేవాడు.”

“ఇంట్లో ఒక్కనాడు దణ్ణం పెట్టిన పాపాన పోలేదు.”

“మేమూ అదే అని ఏడిపించేవాళ్లం.”

“ఈ పేజీలో పేరు రాసి ఊరుకున్నాడు. ఎవరి దేవుడు?”

“గుహల్లో ఉండే పొట్టి రాక్షసుల దేవుడు. ఆయనకి ప్రార్థన లేదు. వరాలూ ఇవ్వడు.”

“మరేం చేస్తాడు?”

“వాళ్లలో ఎవరైనా చస్తే వచ్చి పక్కన కూర్చుంటాడు, అంతే. అందుకని మేమూ ఆట ఆపేసి కాసేపు ఊరికే కూర్చోవాలి. నాకు విసుగొచ్చి ఫోన్ చూసుకునేవాణ్ణి.”

“వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి చెప్పి వెళ్తున్నారురా. ఒక్క మాటా చెవికెక్కట్లేదు.”

“నాకూ ఏం చెప్పాలో తెలీట్లేదక్కా. పాచికలు తీసుకుని వెళ్లిపోతాను.”

“పాచికలెక్కడికీ పోవు. ఆ ఫోన్ అక్కడ పెట్టి, ఇలా వచ్చి కూర్చో.”