కూల్‌డ్రింకులకి జ్ఞానతల్లి

ఏంటీ, నిన్ను కూల్‌డ్రింకులకి జ్ఞానతల్లిగా ఉండమన్నారా? ఎవరూ, ఆ తాపీమేస్త్రి రుఫీనో వాళ్లా? ఉంటాననే చెప్పుంటావులే, కాదంటే ఊళ్లో తలెత్తుకోనిస్తారా. ఆడపిల్లకి పదిహేనేళ్లొస్తే కేకు ఖర్చు పెట్టుకోడానికో జ్ఞానతల్లి, బ్యాండుకో జ్ఞానతండ్రి, గౌనుకొకరు, ఆఖరికి ఆ కేకు కోసే కత్తిక్కూడా ఒకరు. ఊరంతా తలో చెయ్యీ వేసి పండగ చేస్తారు, మంచిదే, నేనేం కాదన్నానా. కానీ ఈ కూల్‌డ్రింకుల జ్ఞానతల్లి అన్న మాట చెవిన పడితే నాకు ఒళ్లు మండిపోతుందే యారెలీ. కూర్చో. ఆ చిక్కుడు గింజలిలా తే, ఏరుకుంటూ చెప్తాను. తెక్లాగారి గురించి మీ అమ్మ నీకెప్పుడూ చెప్పలేదూ? చెప్పదు. మంగళవారం, శుక్రవారం కిడ్నీ మిషను మీద రక్తం కడిగించుకోడానికి బస్సెక్కి టౌనుకి పోయొచ్చే మనిషికి ముచ్చట్లు చెప్పే ఓపికెక్కడిది.

తెక్లా మీ అమ్మకి అసలు జ్ఞానతల్లి. బాప్తిస్మంనాడు చేతుల్లో ఎత్తుకున్న మనిషి. మా అన్న ఫిదెన్సియో ఉన్నాడే, నీ తాత, ఆవిణ్ణి చచ్చేదాకా వదినగారూ, మీరూ అని పిలవాల్సిన వరసన్నమాట. మనిషి పొడుగు, గొంతు అంతకంటే పెద్దది. పడుచుతనంలో మన ఊరి ఆడాళ్ల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆవిడే నాయకురాలు. పావడా ఎగ్గట్టి ఆడేది. పక్క కొండ ఊళ్లో పోటీకెళ్లి పందెపు గిత్తని గెలిచి, తాడు పట్టుకుని నడిపించుకొచ్చిందంటే చూస్కో. మొగుడు మాత్రం పీలగా ఉండేవాడు, గిటారు వాయించేవాడు, ఏదో ఒక పాటే వచ్చు పాపం, దాన్నే... సరే, అదలా ఉంచు. ఆయనకి చక్కెర జబ్బొచ్చింది. ముందు కాలు తీసేశారు, తర్వాత కళ్లు పోయాయి, తర్వాత ఆయనే పోయాడు. అప్పట్నుంచీ కూల్‌డ్రింకు సీసా కనపడితే చాలు, ఆవిడకి పూనకమే. దారిన పోయే పిల్లల్ని ఆపి "ఏరా, పొద్దున్నే ఏం తాగావు? నాలిక చాపు!" అనేది. నాలికకి రంగుంటే చెవి మెలేసేది. నవ్వుతావేంటే, నా చెవీ మెలేసింది. అప్పటికి నాకు ముగ్గురు పిల్లలు!

మీ అమ్మ బ్రిసెయిదా చిన్నప్పట్నుంచీ బొద్దుగా ఉండేది. పాలసీసాలో కూడా అదే పోసిచ్చేవాళ్లులే, పిల్ల ఏడుపు మానేస్తుందని. అలా చూడకు, ఊరంతా అంతే. కుళాయిలో నీళ్లు వారానికోసారి వస్తే గొప్ప. అంబులెన్సు రాలేని రోడ్డు మీద ఆ సీసాల లారీ మాత్రం వానొచ్చినా వరదొచ్చినా వచ్చేది. ఆసుపత్రిలో ఆ డాక్టరు కుర్రాడు గోడ నిండా కూరగాయల బొమ్మలంటించి, వాటికిందే కూర్చుని సీసా ఎత్తేవాడు. సిగ్గుండక్కర్లా? తెక్లా బొమ్మలంటించలేదు. తెల్లారుతూనే బంతి పట్టుకుని మీ తాత గుమ్మం ముందుకొచ్చేది. పిలుపు లేదు, అరుపు లేదు, బంతిని నేలకేసి ధబ్ ధబ్‌మని కొట్టేది. మీ అమ్మ జుట్టైనా ముడేసుకోకుండా పరిగెత్తేది. చర్చి ముందు కోర్టులో ఇద్దరూ చెమటలు కారేలా ఆడేవాళ్లు. అక్కణ్ణుంచి తెక్లా ఇంటికెళ్లి వేడి మొక్కజొన్న టోర్టిల్లా రొట్టెలో తోటకూర, చిక్కుళ్లు పెట్టుకుని తినడం. ఏడాది తిరిగేసరికి పిల్ల చర్చి మెట్లు రొప్పకుండా ఎక్కేసేది. తనకంటూ పిల్లల్లేరు కదా తెక్లాకి, మొగుడికి చెయ్యలేకపోయింది ఈ పిల్లకైనా చెయ్యాలని ఒకటే తపన.

ఇంతలో పదిహేనేళ్ల పండగొచ్చింది. మా అన్న టోపీ చేత్తో పట్టుకుని వెళ్లి, "వదినగారూ, తాగేవాటి జ్ఞానతల్లి మీరే" అన్నాడు. ఆవిడ వెంటనే ఒప్పుకుంది. నాకప్పుడే అనుమానమొచ్చింది, ఒప్పుకుందేంటా అని. పండగనాడు చూద్దుం కదా, మట్టి బానలు వరసగా దిగాయి. ఒకదాన్లో ఎండు గోంగూర పువ్వు నానేసిన ఎర్రనీళ్లు, ఒకదాన్లో చింతపండు నీళ్లు, ఇంకోదాన్లో నిమ్మకాయ పిండి చియా గింజలు వేసిన నీళ్లు. బెల్లం తగిలీ తగలనట్టు. నేను తాగాను కాబట్టి చెప్తున్నా, ప్రాణం లేచొచ్చింది. కానీ టేబుళ్ల మీద సీసాల్లేవు! అంతే, గుసగుసలు. "చచ్చిన మొగుడి డబ్బంతా ఏం చేసుకుంటుందో?" "మనకి నీళ్లు పోస్తుందా, మనమేమన్నా కంచరగాడిదలమా?" అని మీ అమ్మమ్మ తరఫువాళ్లు. మోలే కూర మూతి నిండా పూసుకుని మరీ అన్నారే ఆ మాట!

మా అన్న మొహం కందగడ్డైపోయింది. "మా నాన్న నీళ్లే తాగాడు, మా తాత నీళ్లే తాగాడు. నా జన్మలో ఒక్కసారి నా టేబులు మీద సీసాలుండాలనుకున్నాను. నా పరువు తీశావు తెక్లా!" అన్నాడు. చూశావా, వదినగారూ పోయింది, మీరు పోయింది, తెక్లా అయింది, నువ్వయింది. అంతమందిలో. ఆవిడ గొంతు పెంచలేదు, అదే నాకిప్పటికీ ఆశ్చర్యం. "అన్నయ్యగారూ, పిల్ల మెడ వెనక నలుపు చూశారా? మా ఆయనకీ అలాగే మొదలైంది" అంది. వింటేగా! బానలెత్తి వీధిలో పారబోశాడు. ఎర్రనీళ్లు రాళ్ల మధ్య పారుతుంటే కుర్రాళ్లు ఈలలేశారు. ఫాదరుగారు కూడా అక్కడే ఉన్నారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు! అరగంటలో దుకాణం నుంచి పెట్టెలు దిగాయి, అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఇంత అన్యాయమా? దొంగని కూడా అలా తరమరే! పిల్లకి జబ్బు రాకూడదని చూసిన మనిషి పిసినారి, జబ్బుని పెట్టెలకి పెట్టెలు మోసుకొచ్చినవాడు మర్యాదస్తుడు. థూ.

ఆ రోజుతో మీ అమ్మని ఆవిడ గుమ్మం తొక్కనివ్వలేదు. అయినా తెక్లా మానలేదే. మర్నాడు తెల్లారుతూనే వచ్చింది, ధబ్ ధబ్. మా అన్న బయటికొచ్చి బంతి లాక్కుని కత్తితో పొడిచేశాడు. ఇంకో బంతి తెచ్చుకుంది. దాన్నీ పొడిచాడు. తర్వాత ఉత్త చేతులతో వచ్చి చప్పట్లు కొట్టేది. ఊరి జనం పిచ్చిదన్నారు. నేను మా అన్నతో రెండేళ్లు మాట్లాడలేదు, తెలుసా? ఏం లాభం. మీ అమ్మకి పెళ్లి చేసి కింద ఊరికి పంపేదాకా వచ్చింది తెక్లా. తర్వాత గుండె ఆగి పోయింది. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు.

పిల్లైనా ఓ రోజు తలుపు తీసుకుని పోలేకపోయిందా అని ఇన్నేళ్లూ మీ అమ్మ మీద నాకు లోపల్లోపల కోపం. ఉన్నమాట చెప్తున్నా. మొన్న శుక్రవారం తనతో నేనూ బస్సులో వెళ్లాను కదా. తిరిగొచ్చేటప్పుడు నీరసంగా నా భుజమ్మీద తల వాల్చింది. తనంతట తనే అంది, "అత్తా, తెక్లా జ్ఞానమ్మ వచ్చినప్పుడల్లా నాకు వినపడేది. నేను అప్పటికే లేచి, బూట్లేసుకుని, మంచమ్మీద కూర్చునుండేదాన్ని. నాన్న తలుపుకడ్డంగా చాప వేసుకుని పడుకునేవాడు" అని.

బూట్లేసుకుని కూర్చునేదిట, యారెలీ. రోజూ.

...ఆఁ, పిండిమర తీసినట్టున్నాడు. ఆ నానిన మొక్కజొన్నల బకెట్టు పట్టుకుని వెళ్లు, మళ్లీ వరస పెరిగిపోతుంది.