మా నాయనమ్మ పేరు

అధ్యక్షులు హెరాల్డ్ జంగ్ గారికీ, ముందు వరుసలో ఇంకా కునుకు తీయని సంఘం పెద్దలకూ, నాతోపాటు ఈ మ్యూజియం అద్దాలు తుడిచిన మిత్రులకూ లోరెన్ చిన్ నమస్కారాలు. (నవ్వులు) స్టాక్టన్‌కు వచ్చేపోయే వాళ్లందరికీ మన పెద్దలు ఓడ దిగిన కథను ఇరవై ఆరేళ్లు చెప్పి నా నోరు నొప్పెట్టింది, ఇవాళ రిటైరవుతున్నాను, ఇక మీ చెవులకు విశ్రాంతి.

ఒక్క కథ మాత్రం దాచుకున్నాను. నేను చేరాక పదేళ్లపాటు మా నాన్న ఈ గడప తొక్కలేదు. ఎందుకో మీలో సగం ఇళ్లకు తెలుసు. చైనా వాళ్లను అమెరికాలోకి రానివ్వని చట్టం ఉన్న రోజుల్లో, పన్నెండేళ్ల వయసులో, ఆయన అప్పటికే ఇక్కడ పౌరసత్వం ఉన్న ఇంకొకరి కొడుకునని చెప్పి ఈ దేశంలో దిగారు. ఆ ఇంటి మెట్లెన్ని, బావి ఏ దిక్కున, అమ్మ పేరేమిటి, అన్నీ ఓడలో బట్టీపట్టి, ఆ జవాబులు రాసిచ్చిన కాగితాన్ని సముద్రంలో పారేశారు. అధికారి ముందు తడబడితే తిరుగు ఓడే. అందుకే నేనెప్పుడు రమ్మన్నా "నన్ను పట్టిద్దామనా?" అనేవారు. ఎనభై ఏళ్ల మనిషిని ఎవరు పట్టుకుంటారు నాన్నా అంటే వినేవారు కాదు.

చివరికి అప్పటి మా డైరెక్టర్ ఎడ్నా ఫాంగ్ గారే ఆయన్ను లాక్కొచ్చారు. పిల్లలకు చూపించడానికి మ్యూజియంలో కట్టిన ఆనాటి విచారణ గదిలో అధికారి వేషం ఎప్పుడూ ఆవిడదే. నాన్న ఎదుటి కుర్చీలో కూర్చున్నారు, ఆవిడ సరదాకే అడిగారు.

"మెట్లెన్ని?"

"మూడు."

"బావి?"

"ఉత్తరాన."

"అమ్మ పేరు?"

"లిన్ హో."

అరవై తొమ్మిదేళ్ల తర్వాత కూడా తడబాటు లేదు. మేం చప్పట్లు కొట్టాం. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాన్న లేవలేదు. "అది కాగితం మీద అమ్మ. మా అమ్మ పేరు... రావడం లేదే అమ్మాయ్" అన్నారు. ఎక్కడ నోరు జారతానో అని అన్నేళ్లు లోపలికి తోసేసిన పేరు అది. ఎడ్నా గారు ఫైలు మూసి, "తొందరేముంది అంకుల్, మళ్లీ గురువారం విచారణ" అన్నారు.

నాన్న ప్రతి గురువారం వచ్చారు. ఎడ్నా గారు ఆ పేరు అడగనే లేదు. అమ్మ ఏం వండేది, ఎవరితో పోట్లాడేది అని అడిగారు. మన చరిత్ర, మన చరిత్ర అని ఊరంతా ఊదరగొట్టిన నేను ఇంట్లో ఒక్కసారీ అడగని ప్రశ్నలవి. పన్నెండో గురువారం నాన్న, వాళ్ల నాయనమ్మ పొలంలోంచి కోడలిని ఎలా పిలిచేదో చెబుతూ ఆ కేకే వేశారు.

"సౌ హా, పిల్లాడికి అన్నం పెట్టవే."

ఆ కేక విని ఆయనే ఉలిక్కిపడి, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

(ఆగి) ఎడ్నా గారూ, తల దించుకుంటే కుదరదు, ఈ మాట మీకే. ఆరేళ్లకు నాన్న పోయారు. సమాధి రాయి మీద ఇంగ్లీషులో కాగితం పేరే ఉంది. దాని కింద మన లిపిలో ఆయన అసలు పేరూ, 'సౌ హా కొడుకు' అనీ చెక్కించాం. మీరు లేకపోతే ఆ రాయి మీద నేను ఇంకెవరి తల్లి పేరో రాయించేదాన్ని.

మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.